బీరువా వాసన

ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఎదురింటావిడ తలుపు కొట్టింది.

"మీ ఇంట్లోంచి వాసన వస్తోందండీ," అంది.

ఆయన రిటైరైన లైబ్రేరియన్. ఆ ఫ్లాటులోకి వచ్చి ఏడాది దాటింది. తలుపు ఎవరైనా కొట్టడం అదే మొదలు. ముందురోజు మట్టి సంచి మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఆవిడ పక్కకి తప్పుకుంది. పరిచయం అంతవరకే.

"ఏం వాసనండీ?"

"ఏమో. మట్టి వాసనో, కుళ్లు వాసనో. మీకే తెలియాలి."

లోపలికి పిలిచి చూపించాడు. పడగ్గదిలో బట్టల బీరువా. తలుపు తీస్తే బట్టల్లేవు. పైన ట్యూబులైట్లు, కింద కుండీలు. టమాటా, పుదీనా, బంతి. ఉన్న ఒక్క కిటికీ పక్క బిల్డింగు గోడని చూస్తుంది. ఎండ రాదు. అందుకని బీరువా.

"వీటితో మాట్లాడతారా?" అంది ఆవిడ.

"అప్పుడప్పుడు."

"ఏమంటాయి?"

"లైబ్రరీలో పెరిగినట్టున్నాయి. నోరెత్తవు."

ఆవిడ నవ్వింది.

సంగతి వాచ్‌మన్ నోట పడి ఓనరు దాకా వెళ్లింది. మర్నాడు ఓనరు ఫోన్ చేశాడు. "వాసనైనా పోవాలి, బీరువా అయినా పోవాలి. ఏది పోతుందో మీ ఇష్టం," అన్నాడు.

ఆ మాట చెబితే ఆవిడ ముఖం మారింది.

"ఓనరుని నేను ఆపుతాను. మీరు బాగు చేస్తూ ఉండండి. ఆదివారం ఆదివారం వచ్చి చూసి చెబుతాను."

మొక్కల పక్కనే పడుకునేవాడికి వాటి వాసన అలవాటైపోతుంది. ఇంకొకరి ముక్కు కావాలి. సరేనన్నాడు.

మొదట బీరువా పైన కంత కోసి చిన్న ఫ్యాను పెట్టాడు. లోపలి గాలిని బయటికి తోసింది, వాసనతో సహా. పైగా బరబరమని ఒకటే రొద. ఉద్యోగమంతా 'ష్' అంటూ గడిపిన మనిషి. రెండు రోజులు కూడా ఓర్చుకోలేకపోయాడు. అంతకంటే పెద్ద ఫ్యాను తెచ్చి తక్కువ స్పీడులో తిప్పాడు. చెక్కకి తగలకుండా సైకిల్ ట్యూబు ముక్కలతో వేలాడదీశాడు. రొద ఆగింది.

ఆదివారం ఆవిడ వచ్చి బీరువా ముందు కుర్చీలో కూర్చుంది. కళ్లు మూసుకుని గాలి పీల్చింది.

"చప్పుడు పోయింది. వాసన పోలేదు."

టీ పెట్టాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కప్పు. అది ఆవిడకిచ్చి తను గ్లాసులో తాగాడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిందట.

"ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల గొంతులన్నీ నా చెవిలోనే. ఇప్పుడు నా ఫోను మోగితే రాంగ్ నంబరే," అంది. తర్వాత వారం తన కప్పు తనే తెచ్చుకుంది. వెళ్తూ వెళ్తూ దాన్ని కడిగి ఆయన అలమరలోనే పెట్టింది.

ఓ రోజు నిచ్చెన అడగడానికి ఎదురింటికి వెళ్లాడు. ఆవిడ హాల్లో టీవీ ముందుంది. వంటింట్లో పాలు ఇగిరిపోయి గిన్నె నల్లబడుతోంది. ఆయనే వెళ్లి పొయ్యి ఆపాడు.

"అయ్యో, టీవీలో పడి చూసుకోలేదండీ," అంది ఆవిడ.

నిచ్చెన తెచ్చి ఇంట్లో పెట్టి హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాడు. బొగ్గు గుళికల ఫిల్టరు, తలుపు సందులకి రబ్బరు పట్టీ కొన్నాడు. ఇంకో చిన్న డబ్బా కూడా కొన్నాడు. అది బీరువాకి కాదు.

ఫిల్టరుని ఫ్యానుకి ముందు బిగించాడు. గాలి బొగ్గులోంచి వెళ్తే గానీ బయటపడదు. సందులన్నీ మూసి, గాలి లోపలికి రావడానికి అడుగున ఒక్క కంత వదిలాడు. అక్కడ కాగితం ముక్క పెట్టి చూశాడు. లోపలికి లాగింది.

"ఇప్పుడండీ?"

"తగ్గింది. కానీ ఉంది."

"ఎక్కడ?"

"ఇదిగో, ఈ మూల."

ఆ మూల పట్టీ మార్చాడు. పై వారం ఇంకో మూల అంది. అదీ మార్చాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఫ్యాను కూడా వినపడేది కాదు.

శనివారం ఓనరు చెప్పాపెట్టకుండా వచ్చాడు. బీరువాలో తల దూర్చాడు. బయటికి తీసి మళ్లీ దూర్చాడు.

"ఏదండీ వాసన? నాది కుక్క ముక్కు. ఏమీ లేదు. ఆవిడకి నేను చెప్పేస్తాను. ఇక మీ తలుపు జోలికి రాదు."

ఆయన బీరువా తలుపు మూశాడు.

"చెప్పకండి. కొంచెం ఉంది."

"ఉందంటే బీరువా తీసెయ్యాలి మరి. ఆలోచించుకుని మాట్లాడండి!"

"ఉందండీ. కాస్త టైమివ్వండి."

ఓనరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "వాసన లేదంటే ఉందని ఏడ్చేవాణ్ని ఇప్పుడే చూస్తున్నాను. నెలాఖరు దాకా చూస్తా," అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఏడింటికి తలుపు చప్పుడైంది. ఆవిడ అలమరలోంచి తన కప్పు తీసుకుని కుర్చీలో కూర్చుంది. కళ్లు మూసుకుని గాలి పీల్చింది.

"ఇంకా ఉందండీ."

"అవును, ఉంది. బొగ్గు మార్చాలేమో. వచ్చే ఆదివారం చూద్దాం."

ఆవిడ కప్పు చాచింది. ఆయన టీ పోశాడు.

ఎదురింటి వంటింట్లో, సిలిండరు పక్కన మోకాలెత్తున, గ్యాసు లీకైతే మోగే చిన్న డబ్బా ఒకటి ఉంది. పాలు మాడిన రోజు సాయంత్రం, ఓనరు పెట్టమన్నాడని ఆవిడతో చెప్పి, ఆయనే దాన్ని గోడకి బిగించి వచ్చాడు, ఏ వాసనా తెలియని మనిషి ఇంట్లో అదొకటి ఉండాలని.