ఓడ యజమాని

"ఓడ నిండా విమాన ఇంధనం ఉందక్కా! మార్కెట్ కన్నా బాగా తక్కువకే ఇస్తారట. నువ్వు ఊ అంటే చాలు," అన్నాడు తమ్ముడు సోఫా అంచున కూర్చుని.

విమానాల కంపెనీకి ఇంధనం కొనే ఉద్యోగం అక్కది. ఇలాంటి ఓడలు ఆమె బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. నీళ్ల మీద మాత్రం ఒక్కటీ కనిపించదు.

"ఏ రేవులో ఉందిరా?"

"అది మా సారుకి తెలుసు."

"నువ్వు చూశావా?"

"ఓడని చూసి అమ్ముతారా ఎవరైనా?"

"గంపలో వంకాయలు అమ్మేవాడు కూడా వంకాయని చూస్తాడు. స్పీకర్ పెట్టి మీ సారుకి ఫోన్ కొట్టు."

సరుకు తనది కాదని, తన పైన ఇంకో పెద్దమనిషి ఉన్నాడని సారు నసిగాడు. ఆ పెద్దమనిషిని కలిపితే ఆయనా అదే పాట పాడాడు.

"చేతిలో చుక్క లేదు గానీ కోతలకేం తక్కువ లేదు," అంది అక్క. "అసలు ఓనర్ని కలపండి. ఆయనతోనే బేరం."

మీటింగ్ ఉందని ఆమె భర్త తలుపేసుకున్న పడగ్గదిలో ఫోను మోగింది.

"హలో, కెప్టెన్ని మాట్లాడుతున్నా." ఒకే గొంతు స్పీకర్లోంచీ, తలుపు వెనకనుంచీ వినిపించింది.

"బావా?" తమ్ముడు తెల్లబోయాడు.

ఈమధ్య భోజనాల దగ్గర ఆయన ఆమె ఆఫీసు కబుర్లు అడిగి మరీ వింటున్నాడు. ఎంత కొంటారు, ఎవరు సంతకం పెడతారు అని. ఇన్నేళ్లకి తన పని మీద గౌరవం పుట్టిందని ఆమె మురిసిపోయింది.

ఆమె ఫోను మీదికి వంగింది. "కెప్టెన్ గారూ, కొనేదాన్ని హాల్లోనే ఉన్నాను. ఓడ దిగి రండి."

లోపల్నుంచి గడియ పడింది.