సబీనోకి పడని పాలు

"ఒక్క గుక్కెడు ఆవుపాలు చాలు. వాడు మా తమ్ముడే అయితే పెరట్లోకి పరిగెడతాడు. కాకపోతే ఊళ్లోంచి నేనే పరిగెత్తిస్తాను" అంది తెలెస్ఫోరా, పాలడబ్బాను మరదలి వంటింటి బల్ల కింద పెడుతూ.

ఆమె తమ్ముడు సబీనో పన్నెండేళ్ల కిందట నాటుపడవెక్కి పోర్టోరికో బయల్దేరాడు. ఆ పడవ సంగతి మళ్లీ ఎవరికీ తెలియలేదు. మొన్న వానల్లో గడ్డంతో ఒకడు వచ్చి నేనే సబీనోనన్నాడు. ఊళ్లో సగం మంది ఔనన్నారు, సగం మంది కాదన్నారు. ఎత్తు సరిపోయింది. ముక్కు దాదాపు సరిపోయింది.

ఇల్లూ, వెనక కొబ్బరితోటా సబీనోవి. పిల్లల్లేరు. అతను బతికుంటే అతనివి, పోతే అక్కవి. తండ్రి అలా రాసి పోయాడు. భార్య ఒవీదియా పేరు ఆ రాతలో ఎక్కడా లేదు. తోట కొని హోటలు కడతామని శాంతో దొమింగో నుంచి వచ్చినవాళ్లకు తెలెస్ఫోరా అప్పుడే కాఫీ కూడా పోసింది. అయితే వచ్చినవాడు ఈ పాల పరీక్ష నెగ్గితే ఇంక నోరెత్తనని చర్చిలోని మాతమ్మ మీద ఒట్టేసింది.

సబీనో కడుపు సంగతి ఊరంతటికీ తెలుసు. చిన్నప్పుడు బిషప్పు వచ్చిన రోజున ఊరేగింపులో కొవ్వొత్తి పట్టాల్సినవాడు పాలమిఠాయి తిన్నాడు. నడిదారిలో కొవ్వొత్తి బిషప్పు చేతిలో పెట్టి పొదల్లోకి పోయాడు. ఆ రోజు రెండు కొవ్వొత్తులూ బిషప్పే మోశాడు.

"నాకూ అనుమానమే వదినా" అంది ఒవీదియా. "పోయినవాడు ఈ ఇంట్లో చీపురు పట్టింది నన్ను కొట్టడానికే. వీడు దాంతో ఊడుస్తున్నాడు."

"చూశావా మరి."

"గిన్నెలు కూడా తోముతున్నాడు."

తెలెస్ఫోరా శిలువ గుర్తు వేసుకుంది. "మా వంశంలో లేదు."

"ఐతే విను. వాడి కళ్లముందే కొబ్బరి తురిమి పాలు పిండుతాను. నిమ్మకాయ కేకు కొబ్బరిపాలతోనే అనుకుంటాడు. లోపలికొచ్చి పాలు మార్చేస్తా. నువ్వు వాణ్ణి ముంగిట్లో డామినో బిళ్లలాట దగ్గర కూచోబెట్టు. ఇటు రానివ్వకు."

"వాసన పసిగడితేనో?"

"పైన నిమ్మరసం పాకం పోస్తే ఏ వాసనా తెలీదు."

తెలెస్ఫోరా మెచ్చుకోలుగా చూసింది. అంతలోనే మరదలి తల వంక చూసింది. "ఆదివారం పూట తలకి ఆముదమన్నా రాసుకోలేదేమే? గడ్డివాములా ఉంది."

"ఈ గొడవలో తలెక్కడ గుర్తుంటుంది వదినా."

గడ్డపాయన కాయలు కొట్టిచ్చాడు. ఒవీదియా గుమ్మంలో కూచుని తురిమింది, గుడ్డలో వేసి పిండింది.

"కొబ్బరిపాలేగా? ఆవుపాలు నాకు పడవు, గుర్తుందిగా."

"గుర్తులేకేం. కట్టుకున్నదాన్ని."

తర్వాత ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. పిండి, గుడ్లు, చక్కెర, వెన్నకి బదులు నూనె, నిమ్మతొక్క తురుము. ఇనప కుండలో పోసి కిందా మూత మీదా నిప్పులు పెట్టింది. కాసేపటికి ఆ వాసన ముంగిట్లోకి వచ్చింది. డామినోలాడేవాళ్లు చుక్కలు తప్పు లెక్కపెట్టారు.

అందరికీ ముక్కలు పెట్టింది. పాకం కొంచెమే చేసినట్టుంది, ఉన్నదంతా గడ్డపాయన ముక్క మీదే పోసింది.

"మాకు లేదా?" అన్నాడు పక్కింటి క్రిస్పీన్.

"పన్నెండేళ్లు ఎదురుచూసింది నీ కోసమా?"

అందరూ నవ్వారు. గడ్డపాయన పళ్లెం కూడా నాకాడు. తెలెస్ఫోరా తన ముక్క తిని వంటింట్లోకొచ్చి ఒవీదియా చెవిలో చెప్పింది. "ఆవుపాలంటే నాకే నమ్మకం కుదరడం లేదు. అచ్చం కొబ్బరే."

నీడలు సాగాయి. గడ్డపాయన ఆడుతూనే ఉన్నాడు, గెలుస్తూనే ఉన్నాడు. తెలెస్ఫోరా మొహం వెలిగిపోతోంది. తోటలోకి వెళ్లి ఒక్కో చెట్టునీ తట్టి వచ్చింది.

"పోలీసుకి కబురు పెడుతున్నా" అంది.

"ఇంకాసేపు చూడు వదినా. ముదురు కడుపు, నిదానంగా కదులుతుంది."

ఆఖరాట. గడ్డపాయన చేతిలో ఒకే బిళ్ల మిగిలింది. అది వేస్తే గెలుపు. బల్ల అదిరేలా కొట్టాలని చెయ్యి పైకెత్తాడు. చెయ్యి అక్కడే ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. బిళ్లను పసిపాపను పడుకోబెట్టినట్టు మెల్లగా క్రిస్పీన్ ఒళ్లో పెట్టి, పెరట్లో మరుగుదొడ్డి వైపు పరుగెత్తాడు. తలుపు ధడాలుమంది.

క్రిస్పీన్ ఆ బిళ్లను తిప్పి చూశాడు.

"గెలిచే ఆట వదిలేసి పోయాడు. ఈ ఊళ్లో ఏ మగాడూ నటించడానికి ఆ పని చెయ్యడు."

గడ్డపాయన తిరిగొచ్చి కూచున్నాడో లేదో రెండోసారి వెళ్లాడు. మూడోసారి వెళ్లినవాడు ఇక బయటికి రాలేదు.

తెలెస్ఫోరా దొడ్డి తలుపుకి తల ఆనించి ఏడ్చింది. "తమ్ముడూ, నన్ను క్షమించరా. ఇల్లు నీదే. తోటా నీదే."

"అక్కా... నీళ్లు" అని లోపల్నించి వినిపించింది.

"అదే గొంతు" అంది తెలెస్ఫోరా ఊరివాళ్ల వైపు తిరిగి.

సందెవేళ ఆడబిడ్డను దారిదాకా సాగనంపి వచ్చి, ఒవీదియా చుక్క కూడా తగ్గని ఆవుపాలను పందితొట్టిలో వంపేసి, ఖాళీ ఆముదం సీసాను కొబ్బరిపీచు కుప్ప అడుగున దాచింది.