అంచున మూడు ముళ్లు

"ఆ చీర మార్చుకోవే తల్లీ, నీకు దండం పెడతా!" శరణమ్మ గొంతు తగ్గించి బతిమాలింది.

"నాయన నేసిన చీరమ్మా. ఈ పొద్దు ఇదే కట్టుకుంటా," అంది బిందుశ్రీ.

పొలం గట్టు తగాదాలో కొట్టిన ఒక్క దెబ్బకు శిక్షపడి, బిందుశ్రీ తండ్రి మారన్న బెళగావి జైల్లో మగ్గం నేస్తున్నాడు. తాంబూలాలకు సిరిగేరి నుంచి వచ్చిన పెళ్లివారికి మాత్రం మిల్లులో పని అని చెప్పారు. పిల్ల మీద ప్రేమతో రూపనగుడి ఊరు ఊరంతా నోరు కట్టేసుకుంది. నిజం బయటపడితే సంబంధం గోవిందా!

"అంచున ఆ మూడు ముళ్లేందే?"

"దొరల కాలంలో ఖైదీలతో డేరా గుడ్డలు నేయించినప్పుడు గుర్తుకు ఏసేవాళ్లంట. ఇప్పటికీ ఏస్తాండారంట. వాళ్లకేం తెలుస్తాదిలే!"

బయట మండక్కి బొరుగులు, మిర్చి పళ్లాలు తిరుగుతున్నాయి. పెళ్లికొడుకు తల్లి ఉరుకుందమ్మ నవ్వే అందరికన్నా పెద్దగా వినిపిస్తోంది.

"మా తిరుమలేష్‌కు ఇంకో రెండు మిర్చి ఎయ్యండప్పా! పెండ్లాం కారానికి ఇప్పట్నించే అలవాటు కావాల!"

పందిరంతా గొల్లుమంది.

"వదినా, అన్న రాలేదా?" శరణమ్మను అడిగింది ఉరుకుందమ్మ.

"రజా ఇయ్యలేదు వదినా. బెళగావి మిల్లులో..." శరణమ్మ నసిగింది.

"బెళగావినా! నేనూ ఆడ మిల్లులో ఏడేండ్లు చేస్తిని. యా మిల్లు?"

శరణమ్మ మిర్చి పళ్లెం ఆమె ముందుకు జరిపింది. "ఏదో... పెద్ద మిల్లంట. గోడలు శానా ఎత్తంట."

"ఓహో," అంది ఉరుకుందమ్మ.

ఇంతలో బిందుశ్రీ వచ్చి కాళ్లకు మొక్కింది. ఉరుకుందమ్మ మురిసిపోతూ పిల్ల కొంగు సర్దబోయింది. అంచు దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. ముళ్లను ఒక్కొక్కటే తడిమింది. నవ్వు మాయమైంది.

అయిపోయింది, అనుకుంది శరణమ్మ.

ఉరుకుందమ్మ ఆమె చెవి దగ్గరకు వంగింది. "అన్నకు ఎన్నేండ్లు పడింది?"

శరణమ్మ కళ్లు నిండాయి. "ఇంకా రెండేండ్లుండాది. సంబంధం వద్దనొద్దు వదినా, పిల్ల బంగారం."

"థూ, మంచి పొద్దు ఏడుస్తారా? పట్టు తాంబూలం!" పళ్లెం ఆమె చేతుల్లో పెట్టేసింది ఉరుకుందమ్మ. మేళం ఒక్కసారిగా అందుకుంది. "పెండ్లికి పెరోలు అడగండి, ఇస్తారు. నేత బాగుండాది గానీ, ముడి ఇంకొంచెం బిగించమని చెప్పు అన్నకు."

శరణమ్మ బిత్తరపోయింది. "ఇవన్నీ నీకెట్ల తెలుసు వదినా?"

ఉరుకుందమ్మ పకపకా నవ్వింది.

"నేను చేసిన మిల్లూ అదే!"