పదకొండేళ్ళు మునివేళ్ళ మీద

"మెల్లగా బాబూ. టైల్ పగిలిందంటే ఆయన ఊరుకోరు," అంది సెర్వా, నాలుగోసారి బాత్‌రూమ్ గుమ్మంలోకొచ్చి.

ప్లంబరు డోంకర్ పాత సింకు అంచు వెంట అతుకును బ్లేడుతో కోస్తున్నాడు. "మీ కాలు ఒకచోట నిలిస్తే నా చెయ్యీ నిలుస్తుందమ్మా."

ఘనా దేశం, కుమాసీలోని ఆ ఇంటికి టైల్స్ వేసింది సెర్వా భర్తే. ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ పగల్లేదని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. సింకు మాత్రం ఎందుకో మరీ ఎత్తు. కోడలు అఫ్రియే పదకొండేళ్ళుగా మునివేళ్ళ మీద నిలబడే మొహం కడుక్కుంటోంది. కొత్తది జానెడు కిందికి బిగించాలని పట్టుబట్టింది.

సింకు ఊడివచ్చింది. వెనక టైల్ మూడు ముక్కలై, తెల్ల సిమెంటుతో అతికించి ఉంది.

"ఇది నేను పగలగొట్టింది కాదు," అన్నాడు డోంకర్.

సెర్వా గొంతు తగ్గించింది. "టైల్స్ వేసిన వారమే. బయట వాన పడుతోందని, ఆయన వద్దన్నా ఇంట్లోనే, ఈ గోడవతలే రోలు పెట్టి ఫుఫూకి ఉడికిన కర్రపెండలం దంచాను. ఆ అదురుకి పగిలింది. నా నడుం వంగదని ఆయనతో చెప్పి, సింకు ఎత్తుగా ఈ పగులు మీదే పెట్టించాను."

"అయితే పొడుగు కోడల్ని తెచ్చుకోవాల్సింది అత్తయ్యా," అంది వెనకే వచ్చి నిలబడ్డ అఫ్రియే.

పెరట్లోంచి మామగారి కేక. "ఏమన్నా పగిలిందా?"

"ప్లంబరు చేతిలో ఏదీ పగల్లేదు మామయ్యా," అంది అఫ్రియే. తర్వాత డోంకర్ వైపు తిరిగి, "పాత ఎత్తులోనే బిగించు," అంది.

సెర్వా వంటింట్లోంచి తన పీట తెచ్చింది. ఇంకెవరూ కూర్చోకుండా గోడకు వాల్చి దాచుకునే పీట. దాన్ని సింకు ముందు వేసింది.

"ఎక్కి చూడు, అందుతుందేమో."