వెనక పిలుపు

"ఓ బిడ్డా! ఒక్కసారి ఆగు!"

విమానం ఎక్కబోతున్న స్నిగ్ధ వెనక్కి తిరగబోయింది.

"తిరగకు!" నాయనమ్మ నర్సమ్మ కసిరింది. "పోయేటోళ్ళను ఎనకకెళ్ళి పిలుస్తరా ఎవ్వలన్న? బుద్ధున్నదా ఆమెకు?"

పిలిచినామె ఆఫీసు ముందు బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. వెలిసిపోయిన నేత చీర, నెరిసిన జుట్టు. ఎప్పుడొచ్చినా ఆ బెంచీ మీదే కనిపిస్తుంది. కాస్త తిక్క మనిషని క్లబ్బులో అందరూ అనుకుంటారు.

సిద్దిపేట అవతల పొలాల మధ్య ఉన్న చిన్న ఫ్లయింగ్ క్లబ్బు అది. స్నిగ్ధకు లైసెన్సు వచ్చి వారం కాలేదు. మొదటిసారి ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఎగరబోతోంది. ఆ మనిషి వాళ్ళ నాన్న దామోదర్.

కొత్త బండికి పూజ చేయందే తాళం తిప్పే ఇల్లు కాదు వాళ్ళది. ఇది కిరాయి విమానమే అయినా నర్సమ్మ వదల్లేదు. కొబ్బరికాయ కొట్టి, చెయ్యి అందిన చోటల్లా తడి పసుపు మెత్తి, బొట్లు పెట్టింది.

"ఆగు బిడ్డా!" బెంచీ దగ్గరి ఆమె మళ్ళీ పిలిచింది.

"అడ్డం రాకు అవ్వా!" స్నిగ్ధ తిరగకుండానే అరిచి తలుపేసుకుంది.

విమానం నేల వదిలింది. పొలాలు కిందికి జారాయి.

స్పీడు చూపే ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంది.

స్నిగ్ధ అద్దం మీద వేలితో తట్టింది. ముల్లు కదల్లేదు.

పరుగు మొదలైనప్పుడే ముల్లు లేచిందో లేదో చూడాల్సింది. అప్పుడు తను నాన్న ఫోన్‌లోకి చూసి నవ్వుతోంది.

స్పీడు తగ్గితే విమానం రాయిలా పడిపోతుంది. ఎక్కువైతే దిగాక రన్‌వే మీద ఆగదు. ఎంతుందో తెలియదు.

ఆఫీసు గోడ మీద దండ వేసిన కార్తీక్ ఫోటో కళ్ళ ముందు మెదిలింది. రెక్క కింద వేలంత గొట్టంలోకి గాలి పోతేనే ముల్లు కదులుతుంది. ఆ గొట్టానికి వేలాడే ఎర్ర తొడుగు తీయకుండా ఎగిరి ప్రాణం పోగొట్టుకున్న కుర్రాడు అతను. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పాఠం ఆ ఫోటోనే.

తొడుగు తను తీసింది. బాగా గుర్తుంది. మరి ఎందుకిలా?

"అగో, మన బాయికాడి చేను గదే గదా!" దామోదర్ కిటికీకి ఫోన్ ఆనించాడు. "ఇంకో సుట్టు కొట్టు బిడ్డా!"

"కొడత బాపూ." నమ్మి పక్కన కూర్చున్న మనిషిని చూస్తే ఏడుపు తన్నుకొచ్చింది.

రేడియోలో గురువు విజయరాణిని పిలిచింది. "మేడం, స్పీడు చూపిస్తలేదు. నాకు భయమైతుంది."

"కానియ్యి. భయపడుకుంటనే నడుపు. ముల్లు దిక్కు చూడకు. విమానం ముక్కు రోజు పెట్టే ఎత్తులనే పెట్టు. ఇంజను చప్పుడు ఇనుకుంట దిగు."

స్నిగ్ధ చెప్పినట్టే చేసింది. చక్రాలు నేలను కొట్టి ఎగిరాయి, మళ్ళీ కొట్టాయి. రన్‌వే చివర గడ్డి అంచున విమానం ఆగింది.

"మస్తున్నది గని, దిగుడే జర గట్టిగయింది," అన్నాడు దామోదర్.

విజయరాణి పరుగున వచ్చి రెక్క కిందికి వంగింది. గొట్టం మూతిని గోటితో గీకింది. పసుపు పెళ్ళ ఊడిపడింది.

"ఎగిరే ముందు ఇది చూసినవా?"

"చూసిన మేడం."

"పూజకు ముందా, తర్వాతనా?"

"ముందే," అంది స్నిగ్ధ. నర్సమ్మ పసుపంటిన చేతిని కొంగులో దాచుకుంది.

ఆ పిలుపుకు ఆగి ఉంటే, విమానం చుట్టూ ఒక్కసారి తిరిగి చూసుకునేది. స్నిగ్ధ బెంచీ వైపు చూసింది. ఖాళీగా ఉంది.

"ఆ అవ్వ ఏది మేడం?"

"మీ చక్రాలు నేలకు తాకంగనే దండం పెట్టి ఎల్లిపోయింది. అందరికి అడ్డమైతున్ననట, ఇగ రానన్నది."

"పసుపు సంగతి ఆమెకెట్ల తెలిసింది?"

"ఆమెకేం తెల్వది. ఎవ్వలెక్కినా పిలుస్తది. ఆగి ఇంకోపారి చూసుకుంటరని."

"ఎందుకు మేడం?"

విజయరాణి గొట్టాన్ని తుడుస్తూ చెప్పింది.

"కార్తీక్ ఎక్కుతుంటే రెక్క కింద ఎర్రగ ఏందో ఊగుడు ఆమె చూసిందట. పోయే కొడుకును ఎనకకు పిలువొద్దని నోరు మూసుకున్నదట."