మోకాలి ఎత్తు కిటికీలు

పొద్దుట్నుంచీ ఒకటే వాన.

తూనీగ గొడుగు మళ్లీ తిరగబడింది. తిట్టుకుంటూ సరిచేసుకుంది.

తూనీగ అన్నది, ఒకచోట కాలు నిలవదని తోటివాళ్లు ఆమెకు పెట్టిన పేరు. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం. ఈ ఊళ్లో ఆమెకున్నది ఇవాళొక్కటే. సాయంత్రం రైలు.

దారిలో రెండు మ్యూజియాలు చుట్టబెట్టింది. ఆమె బొమ్మల్ని చూసిందో, బొమ్మలే ఆమెను చూశాయో చెప్పడం కష్టం. మనసంతా మూడోదాని మీదే ఉంది.

అది ఒకప్పుడు ఒక ఇంజనీరుగారి సొంతిల్లు. కిటికీలన్నీ మోకాలి ఎత్తులో ఉంటాయి. ఎందుకో ఏ పుస్తకంలోనూ లేదు.

"కారణం కనుక్కునిరా. లేదంటే ప్రాజెక్టుకి వేరే ఇల్లు చూసుకో," అని మాస్టారు తెగేసి చెప్పారు.

వేరే ఇల్లంటే ఏడాది కష్టం నీళ్లపాలే.

ఆ ఇంటికి చేరగానే టికెట్ తీసుకుని హాల్లోకి దూసుకుపోయింది. పెద్ద కిటికీ పక్కన ఒక పెద్దావిడ నేలమీద చతికిలబడి, వాన చూస్తోంది.

"మామ్మగారూ, కాస్త ఆ కిటికీ పక్కన నిలబడతారా? మనిషుంటే ఫొటోలో ఎత్తు తెలుస్తుంది."

"లేవలేనమ్మా. ఇలాగే తీసుకో."

"కూర్చుంటే ఎత్తెలా తెలుస్తుందండీ?"

"పోనీ, నువ్వూ వచ్చి కూర్చోరాదూ? ఇక్కణ్నించి చూస్తే తోటంతా ఒళ్లోకి వచ్చినట్టుంటుంది."

"అంత తీరికా నాకు! కాస్త పక్కకి జరగండి, ఫొటోలో అడ్డొస్తున్నారు."

పెద్దావిడ ఏమీ అనుకోలేదు. అరచేతులు నేలకానించి, మెల్లగా పక్కకి జరిగింది.

తూనీగ టేపు లాగింది. కొలిచింది. ఫొటోలు తీసింది.

గాలి కోసమా? వెలుతురు కోసమా? అదీ కాదు, ఇదీ కాదు. పాడు కిటికీలు!

"అంత హడావుడిగా ఏం వెతుకుతున్నావు తల్లీ?"

"మీకు చెప్పినా అర్థం కాదు లెండి."

అన్నాక తనకే మనసు చివుక్కుమంది. అయినా ఆగలేదు. మేడమీదికి పరిగెత్తింది. గది గదీ తిరిగింది. కొలతలన్నీ వచ్చాయి, కారణం ఒక్కటే రాలేదు.

రైలు టైమవుతోంది. ఏడుపు ఆపుకుంటూ కిందికొచ్చి, టికెట్లిచ్చే ఆయన్ని అడిగింది.

"ఈ కిటికీలు ఇంత కిందకెందుకు పెట్టారో మీకేమైనా తెలుసాండీ?"

"భలేవారే! నన్నడుగుతారేంటమ్మా? ఇందాకంతా ఆవిడ పక్కనే ఉన్నారుగా?"

"ఏ ఆవిడ?"

"కిటికీ దగ్గర కూర్చున్నావిడ. వాన పడితే చాలు, వచ్చేస్తారు. అదిగో, ఆ కారులో వెళ్లిపోతున్నారు."

తూనీగ గొడుగు కూడా తెరవకుండా గేటు దాకా పరిగెత్తింది. కారు మలుపు తిరిగిపోయింది.

తడిసి ముద్దై వెనక్కొచ్చింది.

"ఎవరండీ ఆవిడ?"

"ఇంజనీరుగారి కూతురమ్మా, పుట్టినప్పట్నుంచీ నడకెరగరు, చిన్నప్పుడు ఇల్లంతా పాకుతూ తిరిగి 'నాకెందుకు వాన కనిపించదు నాన్నా' అని ఏడిస్తే, కట్టిన కిటికీలన్నీ పగలగొట్టించి కిందికి దింపించాడట ఆ తండ్రి."