చొక్కా లాగిన అమ్మాయి

"నన్ను వెనక్కి లాగింది సార్."

రేసు ముగిసి నిమిషం కాలేదు. పాదరసం రొప్పుతూనే రిఫరీ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నిలబడిందని అనడమే గానీ, కాళ్లు ఒకచోట ఆనడం లేదు.

కుదురు లేని పిల్ల అని పీటీ సారు పెట్టిన పేరది. స్కూల్లో ఇదే ఆఖరి ఏడాది, ఇవే ఆఖరి మూడువేల మీటర్లు. మొదట వచ్చిన ఒక్కరికే రాష్ట్ర జట్టులో చోటు.

పాదరసం రెండోదిగా వచ్చింది.

"ఎవరమ్మా లాగింది?" రిఫరీ అడిగాడు.

"గెలిచిందే, ఆ పసుపు చొక్కా. ఆఖరి మలుపులో వెనక నడుం దగ్గర నా చొక్కా పట్టుకుంది. దాంతో తూలిపోయాను. లేకపోతే నేనే గెలిచేదాన్ని."

పసుపు చొక్కాను పిలిచారు. ఏ స్కూలో ఏమో, పాదరసం ఆమెను అంతకుముందు ఏ పోటీలోనూ చూడలేదు. ఒంటి మీద చొక్కా ఇద్దరికి సరిపోయేలా ఉంది. నింపాదిగా నడిచి వచ్చింది. ఆ నింపాదితనం చూస్తేనే పాదరసానికి ఒళ్లు మండింది.

"నువ్వు చెయ్యి వేశావా?"

"వేశాను సార్."

"ఎందుకు?"

ఆ అమ్మాయి పాదరసం వైపు చూసింది. "తనకి తెలుసు కదా సార్. తననే అడగండి."

"నాకేం తెలుసు? గెలవడానికి లాగావు."

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది.

"కారణాలు నాకు అనవసరం," అన్నాడు రిఫరీ. "పక్కవాళ్ల మీద చెయ్యి వేస్తే పేరు కొట్టేయడమే. రూలు రూలే." పెన్ను తీసి అడ్డంగా ఒక గీత గీశాడు.

"సరే సార్."

చొక్కాకు గుచ్చిన నంబరు కాగితం పిన్నులు ఒక్కొక్కటే తీసి, బల్ల మీద పెట్టి, ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

"సాధించావే," అని పీటీ సారు భుజం తట్టాడు. పాదరసం చూస్తుండగానే రిఫరీ ఆమె పేరు మొదట రాసి, జాబితా ఆఫీసుకు పంపేశాడు.

సాయంత్రం దాకా ఆ సంతోషం ఆమె మనసులో నిలవలేదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి ఒకటే తిరుగుడు. తను అబద్ధం చెప్పలేదు. చొక్కా లాగడం నిజం, తూలడం నిజం. మరి ఆ చూపేమిటి?

ఆసుపత్రిలో నర్సు పని చేసే అమ్మ, రేసు అవగానే డ్యూటీకి పరుగెత్తి, అప్పుడే ఇల్లు చేరింది.

"కాసేపు కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. రేసంతా ఫోన్లో తీశాను, చూడు."

"ఆఖరి మలుపు పెట్టమ్మా. అది లాగడం నువ్వే చూద్దువుగాని."

అమ్మ తీసిన వీడియోలో ఒక్కరికీ తలల్లేవు. అన్నీ కాళ్లే.

"ఎండలో నాకేం కనపడింది?" అంది అమ్మ. "అయినా నీ బూట్లు తెలుస్తూనే ఉన్నాయిగా."

తెలుస్తూనే ఉన్నాయి. మలుపులో ఎడమ బూటు ట్రాకు లోపలివైపు సిమెంటు అంచుకు కొట్టుకుంది. మోకాలు నేలకు వంగింది. పక్కన అరడుగు ముందుకు దాటిపోయిన రెండు పాదాలు ఆగాయి. ఆ తర్వాతే, పైనుంచి ఒక చెయ్యి దిగింది.

పాదరసం వీడియోను వెనక్కి జరిపి మళ్లీ చూసింది. మళ్లీ బూటే ముందు, చెయ్యే తర్వాత.

అమ్మ కూతురి భుజం మీదుగా ఫోన్లోకి వంగింది.

"ఎవరు కన్న బిడ్డో గానీ, గెలిచే రేసు ఆపుకుని మరీ నిన్ను పడకుండా పట్టుకుంది, కనీసం పేరైనా అడిగావా?"